నడిమి చెవి

"నడిమిది నువ్వు చుట్టిచ్చెయ్ చాలు. బిగించడం నేను చూసుకుంటా" అన్నాడు బావ, కంచంలోంచి తల ఎత్తకుండానే.

అప్పటికి నడిపి చేతులు రెండూ సబ్బు నురగలో ఉన్నాయి. పొయ్యి మీద అత్తయ్యకి వేణ్ణీళ్లు కాగుతున్నాయి. ఇస్త్రీ చేయాల్సిన అమ్ములు బట్టలు కుర్చీలో గుట్టగా పడి ఉన్నాయి. ముందుగది దుకాణంలో ఎవరో వచ్చి బల్ల మీద వేళ్లతో దరువేస్తున్నారు. "ఊఁ" అంది. ఆ ఇంట్లో ఆమె మాట్లాడే మాటల్లో సగం ఆ ఒక్క అక్షరమే. మిగతా సగం "వస్తున్నా".

"అడుగున ఇంకో చుట్ట దాచి చుట్టు. పైకి ఒంటిది లాగే ఉండాలి, రొద మాత్రం రాకూడదు. అమ్మకి పడదు" అన్నాడు మళ్లీ. చెయ్యి కడుక్కుని, తడిచెయ్యి ఆమె కొంగుకే తుడిచి వెళ్లాడు. అది ప్రేమో అలవాటో కనుక్కుందామని మొదట్లో అనుకునేది. ఇప్పుడు కొంగు తడిసింది అనుకుంటుంది, అంతే.

ఇంతకీ చుట్టమన్నది ఏమిటో చెప్పాలి కదా. బావది గిటార్లు బాగుచేసే దుకాణం. ఇంటి ముందుగదే దుకాణం, దాని వెనక కిటికీ ఉన్న చిన్నగది పనిగది. ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద పట్టీల్లాంటివి కనిపిస్తాయే, వాటిని పికప్‌లంటారు. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ వేల చుట్లు చుడితే ఒక పికప్. గిటార్‌కి అవే చెవులు. అవి విన్నదే మనం వింటాం. రెండు చుట్టల్ని పక్కపక్కన కూర్చోబెడితే దాన్ని హంబకర్ అంటారు. ఒకదాని రొద ఒకటి మింగేస్తుంది, ఒకరి గురక ఒకరికి వినపడని ముసలి దంపతుల్లాగ. ఒక్కటే చుట్ట ఉంటే అది సింగిల్ కాయిల్. దాని గొంతు సన్నగా, తేటగా ఉంటుంది. కాని పక్కన తోడు లేదు కాబట్టి ట్యూబ్‌లైటు గొణుగుడూ ఫ్రిజ్ మూలుగూ కూడా వినేసి, అన్నీ కలిపి ఝుమ్మంటూ ఉంటుంది.

అటు ఒక హంబకర్, ఇటు ఒక హంబకర్, మధ్యన ఒక సింగిల్ కాయిల్ ఉన్న గిటార్ ఒకటి ఆ ఇంట్లో బీరువా పక్కన ఏళ్ల తరబడి నిలబడి ఉంది. అది అక్కది. స్విచ్ నడిమికి జరిపితే మూగ. "కాలిపోయింది, ఏం చేస్తాం" అన్నాడు బావ అప్పట్లో. ఆయన ఆ పనిలో మొనగాడు, ఆయన కాలిపోయిందంటే కాలిపోయినట్టే. ఇప్పుడు అక్క కూతురు అమ్ములు కాలేజీ పోటీలో వాయిస్తానంది. "అమ్మ గిటారే వాయిస్తా. మూడూ పలకాలి. అమ్మ వాయించినట్టే వినపడాలి" అని పట్టుపట్టింది.

దుకాణంలో పికప్‌లు చుట్టేది నడిపే. పెళ్లయిన మొదటేడు ఊరికే చూస్తూ నేర్చుకుంది. ఆమెది పుర్రచెయ్యి. పిడి తిప్పడానికి వాటంగా ఉంటుందని చుట్టే మిషన్‌ని అటు తిప్పి పెట్టుకునేది. దాంతో చుట్లన్నీ ఎదురుదిశలో పడేవి. "ఏంటిదీ, అంతా తిరగేసి చుట్టావ్! పుర్రచేత్తో చేసిన పని ఇలాగే ఏడుస్తుంది" అని బావ ఒకరోజు మొత్తం ఊడదీయించాడు. ఊడదీశాక తట్టింది ఆయనకి. నడిమి పికప్ ఎదురుదిశలోనే చుట్టాలి, అయస్కాంతం కూడా తిరగేసి పెట్టాలి. అప్పుడే పక్కదానిలో ఒక చుట్టతో జోడీ కట్టినప్పుడు రొద చచ్చిపోతుంది. ఆ రోజునుంచీ నడిమివన్నీ నడిపి చేతికొచ్చాయి. కొన్నాళ్లకి అటువీ ఇటువీ కూడా వచ్చాయి. వచ్చినవాళ్లు "మీ చేతిలో ఏదో ఉంది గురువుగారూ" అంటే బావ చేతులు వెనక్కి కట్టుకుని నవ్వేవాడు. ఆ నవ్వు వెనకే టీ కప్పులు పట్టుకుని నడిపి నిలబడి ఉండేది.

నడిమి దాని గురించి ఆయనకి ఒక సొంత సామెత ఉంది. కొత్తగా ఎవరొచ్చినా చెప్తాడు. "నడిమి పికప్ ఎక్కువ మాట్లాడకూడదండీ. అటూ ఇటూ పెద్దవాళ్లుంటారు. వాళ్లకి వంతపాడాలి." వచ్చినవాళ్లు నవ్వేవాళ్లు. నడిపి కూడా నవ్వేది. ఇంటి ముగ్గురాడపిల్లల్లో రెండోది కాబట్టి ఆమెని పుట్టింట్లో నడిపీ అని పిలిచారు, అత్తింట్లో కూడా అదే నిలిచింది. నడిపిది కదా, సర్దుకుంటుంది. చెల్లికి కొత్త గౌను, అక్కకి కొత్త గౌను, నడిపికి అక్క పాత గౌను. అలా అలవాటైన పిల్లకి అక్క కాపురం కూడా సరిపోతుందని పెద్దవాళ్లు అనుకోవడంలో వింతేముంది?

అక్కకి జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయింది. అప్పటికి అమ్ములుకి నాలుగేళ్లు. "బయటిది వస్తే పిల్లని ఎలా చూస్తుందో ఏమో. పిన్నంటే పిల్లకి ప్రాణం" అన్నారు. అత్తయ్య నాన్నని అడిగింది. నాన్న అమ్మని అడిగాడు. అమ్మ పిల్ల వైపు చూసి కళ్లు తుడుచుకుంది. పెళ్లి నిశ్చయమైపోయింది. నడిపిని అడగాలన్న సంగతి ఒక్కళ్లకీ తట్టలేదు, ఆమెక్కూడా. మొగుణ్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తుంది. అమ్ములు ఆమెని పిన్నీ అనే పిలుస్తుంది.

ఆ ఇంట్లో అక్క లేని చోటంటూ లేదు. మంచంలో గోడవైపు పక్క అక్కది, నడిపి అక్కడే పడుకుంటుంది. అక్క చెప్పులు సరిపోయాయని వేసుకుంది. అవి అరిగిపోయాక అదే రంగువి, అదే కొలతవి బావే తెచ్చాడు, అడక్కుండా. "మీ అక్కయితే ఈపాటికి ఇల్లంతా లైట్లు వేసేసేది." "మీ అక్క కూరలో ఉప్పు గురించి చెప్పించుకునేది కాదు." "మీ అక్క నవ్వితే వీధిలోకి వినపడేది, నువ్వేంటి నోట్లో నాలుక లేనట్టు." అత్తయ్యకి పిలవబోతే చాలాసార్లు పోయినావిడ పేరే నోటికొచ్చేది. "నేను అత్తయ్యా" అని మొదట్లో దిద్దేది నడిపి. తర్వాత్తర్వాత "ఆఁ, వస్తున్నా" అని ఆ పేరుకే పలకడం మొదలుపెట్టింది. ఎవర్ని పిలిచినా కావలసింది మంచినీళ్లే, తెచ్చేది తనే, ఇంకెందుకు గొడవ? కాని అలా పలికిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. చచ్చిపోయినదాని పేరుకి బతికున్న మనిషి పలికితే, బతికున్నదాని పేరు ఎవరు మోస్తున్నట్టు?

అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాట ఇంకోటుంది. ఇంట్లో ఏ చిన్న చిటపట వచ్చినా బావ అనేవాడు: "దానికీ నాకూ ఒక్కనాడైనా మాటా మాటా అనుకోవడం విన్నారా ఎవరన్నా?" అత్తయ్య వెంటనే అందుకునేది: "వినలేదురా నాయనా. దేవతలాంటి పిల్ల. గిటార్ కూడా తనే తగ్గించుకుంది, ఎవరూ చెప్పకుండానే." ఆ మాట విన్నప్పుడల్లా నడిపికి తన మీద తనకే అసహ్యం వేసేది. తను మాటా మాటా అంటుంది మరి, గొంతు దాటకపోయినా లోపల అంటూనే ఉంటుంది. అంట్లు తోముతూ అంటుంది, బట్టలు ఆరేస్తూ అంటుంది. అక్క ఎలా అనకుండా ఉండగలిగింది? ఏం మనిషి అది? మధ్యాహ్నాలు ఒక్కతే పనిగదిలో కూర్చున్నప్పుడు అక్క వెనకనుంచి వంగి తన చుట్లు చూస్తున్నట్టుండేది. ఎవరిదో సింగిల్ కాయిల్ గిటార్ బల్లమీద ఝుమ్మంటూ ఉంటే, తీగల మీద చెయ్యి వేయగానే చాలావరకు ఊరుకునేది. చెయ్యి తీస్తే మళ్లీ మొదలు. ఎందుకలా అవుతుందో ఆమెకి తెలుసు. మనిషి ఒంటికీ తీగలకీ ఉన్న లెక్క అది. తెలిసినా, చెయ్యి తీయడానికి భయమేసేది.

బావ ఏదో హాల్లో స్పీకర్లు బిగించే పనిమీద పొద్దున్నే వెళ్లాడు. అత్తయ్య భోంచేసి పడుకుంది. నడిపి చుట్టడానికి కూర్చుంది, కూర్చున్నాక ఒక అనుమానం వచ్చింది. అడుగున ఇంకో చుట్ట దాచాలంటే ఎత్తు పెరుగుతుంది. చెక్కలో పికప్ కూర్చునే గుంట లోతు చాలుతుందా? చాలకపోతే చుట్టినదంతా దండగ. లోతు చూద్దామని అక్క గిటార్‌ని బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వెనక మూత స్క్రూలు విప్పింది. "బిగించడం నేను చూసుకుంటా" అన్నాడు కాని విప్పొద్దనలేదు కదా, అనుకుంది. ఆ సమాధానం సిద్ధం చేసుకుంటున్నందుకు తనమీద తనకే జాలేసింది.

మూత తీసి చూస్తే నడిమి పికప్‌నుంచి స్విచ్‌కి పోవలసిన తీగ ఎక్కడా కాలలేదు. తెగి ఉంది. తెగిన కొసకి నల్లటి స్లీవ్, సన్నటి ప్లాస్టిక్ గొట్టం, తొడిగి, దాని మీద దారం రెండు చుట్లు చుట్టి, బుల్లి ముడి వేసి ఉంది. ఆ ముడి నడిపి రోజూ చూస్తుంది. బావ తప్ప ఇంకెవరూ అలా వేయరు. తీగ తెగ్గోసి వదిలేస్తే పని శుభ్రంగా ఉండదని ఆయన పట్టింపు.

సరే, ఏదో కారణముండి తీసేసి ఉంటాడు అనుకుంది. ఇలా అనుకోవడం ఆమెకి బాగా సాధన. కాని స్విచ్ వైపునున్న తీగని పైకి లాగేసరికి అది మామూలుగా రాలేదు. తీగంతా అతుకులు. తెల్లటి పాత తీగకి ఒక ఎర్రముక్క, ఎర్రముక్కకి ఒక నీలిముక్క, నీలిముక్కకి ఒక ఆకుపచ్చ ముక్క. ప్రతి అతుకు దగ్గరా మిరియం గింజంత సీసం ముద్ద, పక్కన మాడిన ప్లాస్టిక్. ఇది బావ చెయ్యి కాదు. ఈ ముద్దలు ఎవరివో నడిపికి తెలుసు. పుట్టింట్లో సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని దుప్పటి కాల్చి అమ్మచేత తిట్లు తిన్నది అక్క. గిటార్ మీద వేళ్లు ఎంత నాజూగ్గా తిరిగేవో, అతకడం దగ్గర అంత మొద్దు.

ఆకుపచ్చ ముక్క కొసన నల్ల స్లీవ్, దారం ముడి. నీలిముక్క మధ్యన కూడా ఒక నల్ల స్లీవ్ పీలిక, చీల్చి పక్కకి తోసినట్టు. ఎర్రముక్క దగ్గర ఇంకోటి. నడిపికి మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్క ముక్కే లెక్కకొచ్చింది. ఆయన తెంపాడు. ఆమె ఎర్రముక్క వేసి అతికింది. ఆయన మళ్లీ తెంపాడు, మధ్యలో కొంత కోసి పారేసి. ఆమె నీలిముక్క వేసింది. ఆయన తెంపాడు. ఆమె ఆకుపచ్చది వేసింది. ఆఖరికి ఆయన పికప్ దగ్గరికే వచ్చి, చుట్టలోంచి బయటికొచ్చే తోకనే మొదలంటా కోసేశాడు. ఇంక అతకడానికి ఏమీ లేకుండా. అతకాలంటే మొత్తం చుట్ట ఊడదీసి కొత్తగా చుట్టాలి, అక్కకి చుట్టడం రాదు.

ఒక్కనాడూ మాటా మాటా అనుకోలేదట. నిజమే. అనుకోవలసిందంతా ఈ అరచేతి మందం గుంటలో అనుకున్నారు. మూత బిగించుకుని, పైకొచ్చి, పక్కపక్కన కూర్చుని భోంచేశారు.

నీలిముక్కని వేలితో ముట్టుకుంది. అది పుట్టింటి డోర్‌బెల్ తీగ. ఒకసారి అక్క పుట్టింటికి వచ్చినప్పుడు "నడిపీ, బెల్ బిగించగా మిగిలిన వైరుముక్క ఉందా?" అని అడిగింది. "ఎందుకే?" అంటే, "అతుక్కోవాలే" అంది. "ఏంటి అతుక్కోవడం?" అంటే, "కాపురం" అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. అమ్మ కూడా వంటింట్లోంచి నవ్వింది. నడిపే వెతికి, మూరెడు ముక్క కోసి, అక్క సంచిలో వేసింది. ఆకుపచ్చది ఎక్కణ్ణించి వచ్చిందో కూడా పోల్చుకుంది. అమ్ములుకి బ్యాటరీతో నడిచే ఎలుగుబంటి బొమ్మ ఒకటుండేది, అది ఎందుకో నడవడం మానేసింది. అంటే పిల్ల పుట్టాక కూడా, పిల్లకి పాలిస్తూ, ఈ ఇంటి చాకిరీ చేస్తూ, ఇదంతా చేస్తూనే ఉంది అక్క. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమనేవాళ్లు? "ఇంత చిన్నదానికా?" అనేవాళ్లు. మిగతా రెండూ పలుకుతున్నాయిగా అనేవాళ్లు. బ్యాండ్‌వాళ్లతో వాయించేటప్పుడు అక్క ఆ రెండే వాడేది. నడిమిది మధ్యాహ్నాలు తనకోసం తను వాయించుకునేది. దాన్నే తెంపాడు.

నడిపి ఏడ్చింది. అక్క పోయినప్పుడు కూడా ఇలా ఏడవలేదు, అప్పుడు పిల్లని ఎత్తుకుని ఉంది. తను పన్నెండేళ్లుగా దేవతతో పోటీపడి ఓడిపోతూ వచ్చింది. తీరా చూస్తే ఆ దేవత చేతులు కాల్చుకుంటూ తీగముక్కలు ఏరుకున్న మనిషి, అచ్చం తనలాంటిది. వెనకనుంచి వంగి చూస్తున్నదనుకున్నది తప్పులెన్నడానికి కాదేమో. "ఇంకా మూత తియ్యవేమే" అని కాచుకుని కూచుందేమో.

కాసేపటికి కళ్లు తుడుచుకుని గుంట లోతు కొలిచింది. బావ అడిగిన రకానికి లోతు చాలదు, కొంచెం తక్కువ. చెక్క తొలిస్తే చాలుతుంది, తొలవడం పెద్ద పనేమీ కాదు. తొలవలేదు. ఇంకో దారి కూడా ఉంది. అటూ ఇటూ ఉన్నవి గట్టి గొంతులు కాబట్టి, నడిమిది కూడా బాగా ఎక్కువ చుట్లు చుట్టి వాటికి దీటుగా చేయొచ్చు. దుకాణానికొచ్చే కుర్రబ్యాండ్లు అదే అడుగుతాయి. కాని చుట్లు పెరిగేకొద్దీ గొంతు బరువెక్కి, పక్కవాటికి నకలులా అయిపోతుంది. పెద్దవాళ్ల మధ్య నిలబడాలని పెద్దవాళ్లలా అరవడం. అదీ వద్దనుకుంది. మామూలు చుట్లే చుట్టింది, ఎదురుదిశలో, తన పుర్రచేత్తో. అయస్కాంతం తిరగేసి పెట్టింది. వినపడాలంటే ఎక్కువ చుట్టక్కర్లేదు, తీగలకి ఇంకాస్త దగ్గరగా పైకి లేపితే చాలు. స్విచ్‌కి పోయే తీగ కొత్తది వేసింది, ముక్కలు లేనిది. పాత అతుకుల తీగ తీసి బల్ల మీద పక్కన పెట్టి, మూత బిగించింది.

అమ్ములు కాలేజీనుంచి రాగానే సంచీ మూల పడేసి "అయిందా పిన్నీ?" అంటూ వచ్చింది. గిటార్ ఒళ్లో పెట్టుకుని స్విచ్ నడిమికి జరిపింది. యాంప్‌ స్పీకర్లోంచి ఝుమ్మంది.

"ఇదేంటి పిన్నీ, తుమ్మెద దూరింది!"

"ఒక్కతే ఉన్నప్పుడు అలాగే అంటుంది. ఒక మెట్టు అటు జరిపి పక్కదానితో జోడీ కట్టు, చూద్దాం."

జరిపింది. రొద ఆగిపోయింది. ఇటు జరిపింది, అప్పుడూ లేదు. మళ్లీ నడిమికి తెచ్చింది, ఝుమ్మంది. పిల్ల నవ్వి, ఆ రొదతోనే వాయించడం మొదలుపెట్టింది. అబ్బ, ఏం గొంతు అది! గాజు గ్లాసు అంచు మీద చెంచాతో కొట్టినట్టు, ఒక్కొక్క స్వరం విడివిడిగా. నడిపి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. పుట్టింటి మేడమెట్ల మీద అక్క పక్కన కూచుని విన్న గొంతు అదే. ఒక్కక్షణం తన వయసు తనకి గుర్తు రాలేదు.

లోపలిగదిలోంచి, నిద్రమత్తులో, అత్తయ్య కేకేసింది. పోయినావిడని పేరు పెట్టి పిలిచింది. "మళ్లీ మొదలెట్టావుటే! తల పగిలిపోతోంది నాకు. వాడు తెంపేశానన్నాడే, మళ్లీ ఎక్కణ్ణించి తెచ్చి అతికావే?"

అమ్ములు చెయ్యి తీగల మీదనుంచి లేచిపోయింది. చెయ్యి లేవగానే రొద పెద్దదైంది. ఆ గదిలో అదొక్కటే వినపడుతోంది.

"నానమ్మ ఎవర్నంటోంది పిన్నీ?"

నిద్రలో ఏదో కలవరిస్తోందిలే. ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. ఇలాంటి మాటలు ఆమె దగ్గర కొల్లలు. నాన్నకి పనుంది, అందుకని రాలేదు. నానమ్మకి ఒంట్లో బాలేదు, అందుకని కసురుకుంది. నాకేం పర్లేదు, నేను తర్వాత తింటాలే. పన్నెండేళ్లుగా ఆ ఇంట్లో పైకి రొద రాకుండా కింద దాచిపెట్టిన చుట్ట ఆమే. ఇప్పుడు ఈ ఒక్క అబద్ధం ఆడితే అందరూ హాయిగా ఉంటారు. పిల్ల పోటీకి వెళ్తుంది, బావ భోంచేస్తాడు, అత్తయ్య పడుకుంటుంది. రేపెప్పుడో ఈ పిల్ల ఇంకో ఇంట్లో, ఇంకో మూత కింద, ఒక్కతే చేతులు కాల్చుకుంటుంది. మాటా మాటా అనుకోని దేవతని తల్చుకుంటూ, తనే చెడ్డదాన్ననుకుంటూ.

"మీ అమ్మని" అంది నడిపి.

"అమ్మనా? తెంపడమేంటి?"

నడిపి అతుకుల తీగ తీసి పిల్ల అరచేతిలో పెట్టింది. "నడిమిది కాలిపోలేదమ్ములూ. మీ నాన్న తెంపాడు. మీ అమ్మ అతికింది. ఆయన మళ్లీ తెంపాడు. ఈ ముద్దలన్నీ మీ అమ్మ చేత్తో వేసినవి."

అమ్ములు ఒక్కొక్క ముద్దనీ బొటనవేలితో తడుముతూ పోయింది. "ఈ పచ్చది?" అంది.

"నీ ఎలుగుబంటిది."

పిల్ల మొహం అదోలా అయిపోయింది. "నేనే పాడుచేశానని నాన్న అందరికీ చెప్పి నవ్వేవాడు" అంది.

బయట బండి ఆగింది. బావ లోపలికొస్తూనే గుమ్మంలో ఆగిపోయాడు. ఝుమ్మంటున్న యాంప్ విన్నాడు, బల్ల మీద స్క్రూడ్రైవర్ చూశాడు, కూతురి చేతిలో తీగ చూశాడు. లోపలినుంచి అత్తయ్య "ఆ రొద ఆపరా బాబూ!" అంటోంది. ఆయన వచ్చి తన స్టూలు మీద కూర్చున్నాడు. అమ్ములు ఒళ్లోంచి గిటార్ తీసుకుని బోర్లా తిప్పాడు.

"రొద లేనిది చుట్టమన్నాగా?" అన్నాడు.

"గుంట లోతు చాలలేదు" అంది నడిపి. అది నిజమే, ఆ మాటతో అయిపోయేదే. "చాలినా చుట్టేదాన్ని కాదు" అంది మళ్లీ.

ఆయన విననట్టే స్క్రూలు విప్పాడు. "అప్పుడు అమ్మకి రోజూ తలపోటు. ఇంట్లో రోజూ గోల. గొడవ లేకుండా చేద్దామని చేశా. మీ అక్క కూడా ఏమీ అనలేదు" అన్నాడు, తల ఎత్తకుండానే.

"అనలేదా నాన్నా?" అంది అమ్ములు, తీగ పైకెత్తి చూపిస్తూ.

"నువ్వు లోపలికెళ్లు."

"వెళ్లను."

బావ మూత తీశాడు. కొత్త తీగ తెల్లగా, నున్నగా, కొంచెం వదులుగా కనిపించింది. ఆయన దాన్ని వేలితో పైకి లేపి పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాచాడు. "కట్టర్" అన్నాడు.

పని చేసేటప్పుడు ఆయన వెనక్కి చూడడు. చెయ్యి చాస్తాడు, కావలసింది చేతిలోకి వస్తుంది. స్క్రూడ్రైవరో, మీటరో, టీ కప్పో. చాలాసార్లు పేరు చెప్పనవసరం కూడా లేకుండా నడిపి అందించేసేది. కట్టర్ ఆమె వైపే, బల్ల చివర ఉంది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ దాని దాకా వెళ్లింది. కట్టర్ తీసుకుంది. చల్లగా ఉంది. అమ్ములు ఆమె చేతివంకే చూస్తోంది.

నడిపి బల్ల సొరుగు లాగి, కట్టర్ అందులో పడేసి, తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుంది.

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉంది. ఏమీ రాకపోయేసరికి మొదటిసారి వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. ఆయన కళ్లలో కోపం కన్నా భయమే ఎక్కువగా కనిపించింది ఆమెకి. "ఏంటిది? ఎప్పుడో పోయిన మనిషి కోసం ఇప్పుడు ఇంట్లో చిచ్చు పెడతావా?"

"పోయింది అక్క" అంది నడిపి. "నేనింకా పోలేదు బావా."